ఊపిరి కూలి

నా ఎదుట ఎవరైనా "చవక" అంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. గువ్వలగట్టు సొరంగం దేశంలోకెల్లా చవకగా కట్టిన సొరంగమట. మొన్న మా కాలేజీకొచ్చిన ఒక పెద్దమనిషి వేదికెక్కి ఆ ముక్కే అన్నాడు. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. నేను లేచి బయటికొచ్చేశాను. వెనక నుంచి ఎవరో "మేడమ్‌కు బీపీ అనుకుంటా" అన్నారు. ఉంది నాయనా, ఎందుకుండదు?

ఆ సొరంగం గోడల పూత కనిపెట్టిన డాక్టర్ కురుమూర్తి నా మొగుడు, నా మేనత్త కొడుకు కూడా. ఆ పూతను పెంచిన మన్నెమ్మ మా అత్త. మా నాన్న పోయాక నన్ను సాకింది ఆమె. ఎండలో మట్టి తట్టలు మోసి నన్ను సూక్ష్మజీవుల శాస్త్రం దాకా చదివించింది. చవక సంగతి నన్ను అడగండి, నేను చెబుతాను.

గువ్వలగట్టుకు అవతల కృష్ణ పారుతుంది. ఇవతల మా ఎర్రగుట్టపల్లెతో కలిపి రెండు వందల ఊళ్లు ట్యాంకర్ కోసం బిందెలు వరసగా పెట్టుకుని కూర్చుంటాయి. నడుమ ఉన్నది ఒక్క గట్టు. దానికి సొరంగం వేస్తే నీళ్లు వాటంతటవే వస్తాయని మా తాతల కాలం నుంచి చెబుతున్నారు. కొలతలు తీశారు, రాళ్లు పాతారు, కొబ్బరికాయలు కొట్టారు. ఖర్చు లెక్క తేలగానే ప్రతిసారీ నోరు మూసుకున్నారు.

"తవ్వుడు పెద్ద ఖర్చు కాదు ప్రమీలా, తవ్విందాన్ని నిలబెట్టుడే ఖర్చు" అనేవాడు మా బావ. గట్టు కడుపులో కొంత దూరం పుచ్చురాయి ఉంది. చెయ్యి వేస్తే చాలు, పిండిలా రాలుతుంది. దాన్ని ఆపాలంటే ఎంత ఇనుము కావాలో, ఎంత సిమెంటు కావాలో విన్నవాళ్లకు కళ్లు తిరిగేవి. ఆ ఒక్క ముక్కకయ్యే ఖర్చు మిగతా సొరంగమంతటి ఖర్చును మించిపోయేది.

ఒక పాడుబడ్డ దిగుడుబావిలో మా బావకు తెల్లటి పొర ఒకటి కనబడింది. ఊడిపోవాల్సిన రాళ్లను అది అతికించి పట్టుకుని ఉంది. గీకి తెచ్చి చూస్తే, సున్నాన్ని రాయిగా మార్చే సూక్ష్మజీవి. ఇద్దరం ఎగిరి గంతేశాం. కాలేజీ ల్యాబులో గాజు పాత్రల్లో వేసి, సిలిండర్లోంచి కార్బన్ డయాక్సైడ్ గాలి పెట్టి, వేడి కొలిచి, నానా తంటాలు పడ్డాం. ఆ జీవి మహారాణి, ఒక్క పాత్రలోనూ బతకలేదు. మిగిలిన కాస్త సున్నపు బురదను ఒక మట్టికుండలో వేసి, ఇంటి వెనక కట్టెల పొయ్యి దగ్గర పెట్టి, మా బావ దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

కొన్నాళ్లకు నేను పెరట్లోకి వెళ్తే మా అత్త ఆ కుండ ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. పొయ్యి ఊదే ఇనుప ఊదుగొట్టం కుండలో పెట్టి, బుగ్గలు పూరించి ఊదుతోంది.

"ఏం చేస్తున్నవ్ అత్తా?" అన్నాను కంగారుగా.

"ఏం చేస్తరే? ఊపిరాడక సస్తున్నది పాపం. మీరిద్దరు సదువుకున్నోళ్లు, తెచ్చి మూలకేసి మర్శిపోయిన్రు. పొద్దుగాల, మాపటీలి ఇంత ఊపిరి పోస్తున్న. సూడు, ఎట్ల గడ్డ కట్టిందో."

చూశాను. కుండ అడుగున రాయి. సుత్తితో కొడితే కుండ పగిలింది గానీ అది పగల్లేదు. పైన మిగిలిన బురదను మా అత్త ఇంకో కుండలోకి ఎత్తింది.

ఇక అక్కడి నుంచి మా ఇంట్లో అదే వ్యవహారం. పాలు తోడుపెట్టినట్టే. ఆమె కుండలోంచి ఇంత తీసి కొత్త సున్నపు బురదలో కలపడం, ఆమె ఊదడం, అది పెరగడం, దాన్లోంచి మళ్లీ తోడు తీయడం. దీపాలు పెట్టాక ఆ తోడు ఎవరికీ ఇచ్చేది కాదు మా అత్త. సొంత కొడుక్కి కూడా ఇచ్చేది కాదు. "లక్ష్మి పోతదిరా, పొద్దుగాల తీస్కపో" అనేది. మేం నవ్వుకునేవాళ్లం. ఏ ల్యాబులో చేసినా కొత్త జీవిని రకరకాల పాత్రల్లో విడివిడిగా పెంచుతారు. మేం మాత్రం ఉన్న ఒక్క కుండ నుంచే ఏళ్ల తరబడి తోడు తీశాం. ఇంట్లో పెరుగు బాగా తోడుకుంటుంటే పక్కింటి నుంచి తోడు తెచ్చుకునేదెవరు?

మా కొంప ముంచింది అదే. మా అత్త ఊపిరితో పాటు ఆమె నోట్లో ఉండే సూక్ష్మజీవులు కూడా కుండలోకి వెళ్లాయి. రెండూ జతకట్టాయి. ఒకటి లేనిదే ఇంకొకటి బతకని స్థితికొచ్చాయి. ఈ సంగతి మాకు గట్టు దగ్గర తెలిసింది.

పుచ్చురాయిలో చిన్న గుహ తవ్వి గోడకు పూత పూశాం. కూలీలు లోపల పనిచేసినన్ని రోజులూ పూత గట్టిపడింది. పైన లారీ ఎక్కించినా గోడ చెక్కుచెదరలేదు. ప్రాజెక్టు పెద్ద ఇంజినీరు రంగాచారిగారు గోడను తట్టి చూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కూలీలు పని ముగించుకుని వెళ్లిపోయాక మనుషుల బదులు సిలిండర్ గాలి పెట్టాం. పూత మెత్తబడి పొరలు పొరలుగా రాలింది. మేకల్ని కట్టేశాం. నాలుగు రోజులు నిలిచి అదీ రాలింది. మళ్లీ మనుషుల్ని కూర్చోబెట్టాం. గట్టిపడింది. అంటే ఆ గోడ ఎండిన సిమెంటు కాదు, ప్రాణం ఉన్నది. దానికి మనిషి ఊపిరి ఎప్పుడూ అందుతూనే ఉండాలి.

"బావా, తప్పు చేసినం. మళ్ల బావికాడికి పోయి కొత్తది తెద్దాం. మెల్లగ సిలిండర్ గాలికి అలవాటు చేద్దాం. రెండు మూడేండ్లు పడ్తది, అంతే గదా" అన్నాను.

"రెండు మూడేండ్లా? ఇప్పుడు మంజూరు కాకపోతే ఇగ ఎన్నడు కాదు. నీకెరుక లేదా?"

రంగాచారిగారు నవ్వారు. ఆయన కోస్తా మనిషి, మాట నెమ్మది. "ఎందుకమ్మా అంత ఆలస్యం? సిలిండరుకైతే డబ్బు పెట్టాలి. మనుషులు ఊపిరి ఎలాగూ పీలుస్తూనే ఉంటారు కదా. ఇంట్లో కూర్చుని పీల్చేది ఇక్కడ కూర్చుని పీలుస్తారు. పదిమందికి ఉపాధి కూడానూ."

ఆ మాటలో నాకు గోడకు కట్టేసిన మనుషులు కనబడ్డారు. మా బావకు మాత్రం సొరంగం అవతల కృష్ణ కనబడింది. ఇంట్లో వారం రోజులు కొట్లాడుకున్నాం. "నీకు నీళ్లక్కరలేదు, నీకు నీ శాస్త్రం గావాలె" అన్నాడు నన్ను. ట్యాంకర్ దగ్గర బిందె కోసం జుట్లు పట్టుకున్న ఊళ్లో పుట్టినదాన్ని నన్నా అనేది! అన్నం గిన్నె నేలకేసి కొట్టాను. చివరకు సంతకం ఆయనదే కదా, పెట్టేశాడు.

ఇనుము తగ్గింది, సిమెంటు తగ్గింది. ఖర్చు మూడోవంతుకు దిగింది. మా తాతల కాలం నుంచి సాధ్యం కాదన్నది రాత్రికి రాత్రి సాధ్యమై కూర్చుంది. ఏ ఖర్చూ మాయమైపోదు. ఒకరి నెత్తి మీది నుంచి దించితే ఇంకొకరి నెత్తికెక్కుతుంది. ఈసారి అది ఎవరి రొమ్ములోకి ఎక్కిందో ఆ కాగితాల్లో రాయడానికి గడి లేదు.

సొరంగం అయింది. అడుగున కాలువ, పక్కన నడవడానికి దారి. పుచ్చురాయి ఉన్నంత మేరా అక్కడక్కడా అరుగులు. అరుగు మీద మనిషి, చేతిలో ఊదుగొట్టం. గోడకు దగ్గరగా కూర్చుని ఊపిరి వదలాలి, పగులు కనబడితే ఊదాలి. ఊపిరి కూలి అన్నారు ఆ పనిని. మొదట్లో ఎగబడ్డారు జనం. నీడపట్టున కూర్చోవడం, ముచ్చట్లు చెప్పుకోవడం, పాటలు పాడుకోవడం, నెల కాగానే జీతం. మా పాలమూరు వాళ్లు దేశమంతా డ్యాములు కట్టి చచ్చారు, ఇట్లాంటి పని కలలో కూడా చూడలేదు.

వాళ్లకు పని నేర్పడానికి మా అత్త వెళ్లింది. నేను వద్దన్నాను.

"నా పెంపకమే అది. పిల్లను అత్తగారింటికి పంపి మల్ల సూడకపోతే ఎట్ల?" అంది. తన ఇనుప ఊదుగొట్టాన్ని చీర చెంగులో చుట్టుకుని బస్సెక్కింది.

అవతలి తూము ఎత్తి, మా ఊరి చెరువులోకి మొదటి నీళ్లు వచ్చినప్పుడు నేనూ ఏడ్చాను. అబద్ధమెందుకు? ఆడవాళ్లు నీళ్లలోకి చీరలతో దిగిపోయి ఒకరి మీద ఒకరు చల్లుకున్నారు. మా బావను భుజాల మీదికెత్తుకున్నారు. బాలమ్మ అని మా వాడలో ఒక పిల్ల, మొగుడు వదిలేసి పోయినది, నా చెయ్యి పట్టుకుని "అక్కా, నాకు కూడ గా లోపల పని ఇప్పియ్యవా" అని బతిమాలింది. ఖాళీ లేదన్నాను. అప్పటికి నిజంగానే లేదు.

రెండో ఎండాకాలం దగ్గు మొదలైంది.

కూలీలు లోపల ఉంటే బాగానే ఉంటున్నారు. బయటికొచ్చి ఎండగాలి తగిలితే రొమ్ము పట్టేస్తోంది. ఒక ముసలాయన ఇంటికెళ్తూ బస్టాండులోనే గిలగిల కొట్టుకుని పోయాడు. మా అత్త సెలవు మీద రావడం మానేసింది. నేనే వెళ్లాను. నన్ను చూసి నవ్వి, సొరంగం నోటి దాకా నాతో నడిచొచ్చి ఆగిపోయింది. ఇంకో అడుగు వేస్తే ఊపిరాడడం లేదట.

ఆస్పత్రి వాళ్లు తీసిన ఎక్స్‌రే ఫోటోలు చూశాను. ఊపిరితిత్తుల లోపల సన్నటి తెల్లటి పొర. గోడకు పూసినదే, ఊపిరితో పాటు లోపలికి వెళ్లి అక్కడా కాపురం పెట్టింది. అక్కడ దానికి గోడ మీదంత సున్నం దొరకదు గనుక, సొరంగంలో చెమ్మ ఉన్నంతసేపూ అది మెత్తగా ఉంటుంది, మనిషి బతుకుతాడు. పొడిగాలి తగిలితే రాయవుతుంది. నలభై మంది అట్లా లోపల ఇరుక్కుపోయారు. వాళ్లను ఎవరూ తాళం వేసి బంధించలేదు. అందుకే ఎవరికీ తప్పు చేసినట్టు అనిపించలేదు.

నేను కాలేజీకి సెలవు పెట్టి, ఇల్లు, వాకిలి పట్టించుకోకుండా మందు వెతికాను. దొరికింది. ఆ జంటలో నోటి సూక్ష్మజీవిని చంపితే రెండోది దానంతటదే చస్తుంది, పొర కరిగి దగ్గుతో పడిపోతుంది. ఆవిరిలో కలిపి కొన్నాళ్లు పీల్చాలి. ఒక్కటే చిక్కు. ఆ మందు సొరంగంలోకి వెళ్తే గోడ కూడా చస్తుంది. అందుకని బయట చెమ్మ నింపిన గది కట్టి, వాళ్లను తడి గాలిలోనే అక్కడికి తరలించి, వైద్యం చేయాలి.

మీటింగు పెట్టారు. ఊళ్ల సర్పంచులంతా వచ్చారు. నేను చెప్పిందంతా విని రంగాచారిగారు ఒకే ప్రశ్న అడిగారు.

"అందరూ ఒకేసారి బయటికొచ్చేస్తే గోడ మాటేమిటమ్మా?"

"నీళ్లు ఆపండి. కూలీలను బాగు చేసినంక, ముందు చెయ్యాల్సింది ఇప్పుడు చెయ్యండి. ఇనుము పెట్టండి, సిమెంటు పెట్టండి."

మా ఊరి సర్పంచే లేచాడు. నాకు వరసకు చిన్నాయన అవుతాడు. "బిడ్డా, నువ్వు జెప్పేది న్యాయమే. కానీ నాట్లేసుకున్నం. ఇప్పుడు నీళ్లాపితే రెండు నూర్ల ఊర్లు ఎండుతయ్. నలభై మంది కోసరం..." అని ఆగి, నా మొహం చూడలేక కండువా సర్దుకున్నాడు. నీళ్లు ఆపొద్దన్నవాళ్లను చెయ్యెత్తమన్నారు. అన్ని చేతులూ లేచాయి. మా బావ చెయ్యి కూడా.

నేను సొరంగంలోకి వెళ్లి మా అత్త పక్కన అరుగు మీద కూర్చున్నాను. మా అత్తను సొరంగం తల్లిని చేసి, తల్లి ఇట్లా అంది, ఊరి కోసం ప్రాణమిచ్చింది అని ఇవాళ పాటలు కట్టి పాడుతున్నారు. ఆమె నిజంగా ఏమందో విన్నదాన్ని నేనొక్కదాన్నే.

"నన్ను బైటికి తీస్కపో బిడ్డా. నీళ్లొచ్చినయ్, మంచిగయ్యింది, కండ్లార సూసిన. ఇగ నా వల్ల గాదు. ఎండల కూసొని ఇంత జొన్నరొట్టె తినాలె. తల ఆరబెట్టుకోవాలె. నా ఎంటికలు ఆరక ఏడాదైతున్నదే."

ఆమె తల ముట్టుకుని చూశాను. ముతక వాసన. నేను అక్కడే భోరుమన్నాను.

ఇంటికొచ్చి మా బావ కాళ్లు పట్టుకున్నాను. "అందర్నీ వద్దు. అత్తనొక్కదాన్ని తీసుకొస్త. మన వంటింటినే ఆవిరి గది చేస్త" అన్నాను.

"మా అమ్మనే బైటికి తెస్తే రేపు ఇంకొక్కరు లోపల కూసుంటరా? చెప్పు. గోడ కూలితే నీళ్లు సొరంగంల ఆగి, ఒక్కపారి తెంపుకొని కింది ఊర్లు మునుగుతయ్. నేను కొడుకును గానా ప్రమీలా? నాకు లేదా కడుపుల బాధ?" ఏడ్చాడు కూడా. ఏడుస్తూనే వద్దన్నాడు. ఏడ్చే మనిషిని ఏమని తిట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన్ను అడగడం మానేశాను. పాలు తెచ్చే మూసిన వ్యాను ఒకటి మాట్లాడాను. సందులన్నిటికీ తడి గోనెలు కుక్కాను. లోపల స్టవ్వుల మీద నీళ్ల డేగిసాలు మరిగించాను. వ్యానును సొరంగం నోట్లోకి వెనక్కి నడిపించి, చెమ్మ పోకుండా మా అత్తను ఎక్కించి తలుపు వేసి, నేను ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాను. నా చేతిలో మందు సీసా. ఇల్లు చేరేదాకా దాన్ని విప్పే పని లేదు. నడుమ అద్దంలోంచి చూస్తే లోపల ఆమె మామూలుగా ఊపిరి తీస్తోంది. "గుండిగల పప్పేమన్న ఉడుకుతున్నదా ఏంది?" అని నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

సొరంగం ముందరి గేటు దగ్గర జనం అడ్డం వచ్చి వ్యాను ఆగింది.

అది ఆదివారం, బోనాల నెల. సొరంగం నోటి దగ్గర ఒక రాయికి పసుపు పూసి ఊపిరమ్మ తల్లి అని ఎప్పుడు నిలబెట్టారో నాకు తెలియదు. మా ఊరి ఆడవాళ్లు బోనాలెత్తుకుని, డప్పులతో వచ్చి ఉన్నారు. లోపల ఉన్నది మన్నెమ్మ అని డ్రైవరు నోరు జారాడు. అంతే, డప్పులు ఆగిపోయాయి.

"అవ్వా, యాడికి పోతున్నవే! మమ్ములను ఇడిశి పోతవా!" అని ఏడుస్తూ చుట్టుముట్టారు.

"తలుపు ముట్టకండి! గాలి తగిల్తే సస్తది!" అని నేను అడ్డం పడి అరిచాను. గొంతు చించుకున్నాను. వినేదెవరు? వాళ్లు నన్ను తిట్టి, కొట్టి ఉంటే నేను ఆపగలిగేదాన్నేమో. వాళ్లు చేతులు జోడించారు. దండం పెట్టే జనాన్ని ఎట్లా ఆపుతారు? నన్ను పక్కకు లాగి తలుపు బార్లా తెరిచారు. ఆమె కాళ్లకు పసుపు రాశారు. నుదుట కుంకుమ పెట్టారు. వేపాకులతో విసిరారు కూడా.

ఆ ఏడు వానలు రాలేదు. బయట వడగాలి.

నేను జనంలోంచి దూరి మళ్లీ తలుపు దగ్గరికి చేరేసరికి మా అత్త నోరు తెరుచుకుని నా వైపే చూస్తోంది. నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు వదలడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎండ ఆమె తల మీద పడుతోంది. వెంట్రుకలు ఆరాయి.

కబురు అంది మా బావ జీపులో వచ్చాడు. పరుగెత్తుకుంటూ వచ్చి, వ్యానును దాటి, సొరంగంలోకి వెళ్లిపోయాడు. నేను చూస్తూ కూర్చున్నాను. లోపల మా అత్త అరుగు దగ్గర ఆయన గోడను తడుతున్న చప్పుడు మారుమోగుతూ వినిపించింది. టక్, టక్ మని. కాసేపటికి చెమట తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"ఏం కాలే, గట్టిగనే ఉన్నది" అన్నాడు మొహం తేటపడి. ఆ తర్వాత కళ్లు దించి, తల్లిని చూశాడు. మోకాళ్ల మీద కూలబడిపోయాడు.

మా అత్త ఒళ్లోంచి ఆ ఇనుప ఊదుగొట్టం తీశాను. చీర చెంగులో చుట్టి ఉంది, సెలవుకు ఇంటికొచ్చేటప్పుడు తెచ్చుకున్నట్టు. దాన్ని మా బావ చేతిలో పెట్టాను.

"పో. మీ అమ్మ జాగ ఖాళీగున్నది. పోయి కూసో."

ఆయన దాన్ని అందుకున్నాడు. కండువాతో శుభ్రంగా తుడిచాడు. నిజంగానే వెళ్తాడేమోనని ఒక్క క్షణం నాకు భయం వేసింది, దాంతోపాటు ఆశ కూడా. ఆయన తలెత్తి జనం వైపు చూశాడు. ఆడవాళ్లు ఎవరి బోనం వాళ్లు దించుకుని, కళ్లు తుడుచుకుంటూ అప్పటికే ఒకరి వెనక ఒకరు నిలబడి ఉన్నారు. ట్యాంకర్ దగ్గర నిలబడ్డ అలవాటు. అందరికంటే ముందు బాలమ్మ ఉంది. మా అత్త కాళ్లకు రాసిన పసుపు ఆమె చేతులకు ఇంకా తడిగానే ఉంది.

మా బావ ఊదుగొట్టం ఆమెకిచ్చాడు. ఆమె దాన్ని కళ్లకద్దుకుని, మా అత్తకు దండం పెట్టి, సొరంగంలోకి నడిచింది.